పొడుల షెడ్డులోకి ఎలుక రాకుండా: నా అనుభవం

ఇంటి వంటింట్లో నడుస్తున్న మా కారప్పొడులు, పిండివంటల పని పెరగడంతో, తణుకు దగ్గర వరిపొలాల అంచున ఒకప్పుడు ధాన్యం నిల్వచేసిన పాత షెడ్డును అద్దెకు తీసుకున్నాను. ఆహార వ్యాపారానికి కావలసిన రాష్ట్ర లైసెన్సు కోసం జరగబోయే తనిఖీలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టినవి ఎలుకలే. డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు ముగియగానే పొలాల్లో తిండీ నీడా కరువై అవి దగ్గరలోని ఇళ్ళకూ గోదాములకూ చేరతాయి. మేము షెడ్డులోకి దిగవలసింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఆహార భద్రతా ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలును ముందుగా చదివాను. కన్నాలు, తూములు మూసి ఉంచాలనీ, మూయలేని చోట జాలీ బిగించాలనీ, సరుకును ఎలుక చొరబడని డబ్బాల్లో నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా పెట్టాలనీ, వాడిన మందుల వివరాలు తేదీలతో సహా నమోదు చేయాలనీ అందులో ఉంది. పిల్లిని పెంచితే సరిపోతుందని మా పెద్దమ్మ సలహా ఇచ్చింది గానీ, ఆహారం తయారయ్యే చోటికి పెంపుడు జంతువులు రాకూడదని కూడా అందులోనే రాసి ఉంది.

షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడే గోడల వెంబడి ముగ్గుపిండి పలుచగా చల్లించి, మరునాడు అడుగుజాడలు చూశాము. ఎలుకలు నడిమధ్యన తిరగవు, గోడనంటుకునే పోతాయి కాబట్టి జాడలు స్పష్టంగా తెలిశాయి. పెంటికలు చిన్నవైతే చిట్టెలుక, సెంటీమీటరు దాటితే ఇంటి ఎలుక. దూలం మీద నల్లని జిడ్డు చార ఉంటే అది వాటి నిత్యపు దారి. వెనుక తూము పక్కన తవ్విపోసిన మట్టికుప్ప మాత్రం పందికొక్కుది. ఏది ఎక్కడ తిరుగుతోందో తెలియకుండా బోను కొనడం డబ్బు దండగే అని నా అభిప్రాయం.

లోపల ఉన్నవాటిని పట్టకుండా కన్నాలు మూస్తే అవి లోపలే చిక్కుకుంటాయి గనుక మొదట బోనులు పెట్టాము. కొత్త వస్తువును ఎలుక తొందరగా నమ్మదు. అందుచేత కొన్నాళ్ళు తలుపు పడకుండా కట్టివేసి, కొబ్బరిముక్కా వేరుశనగపప్పూ మాత్రమే ఉంచి, అలవాటు పడ్డాక తలుపు వదిలాము. జిగురు అట్టలు వాడలేదు. అతుక్కున్న ఎలుక గంటల తరబడి గిలగిలలాడుతుంది, జంతు సంక్షేమ మండలి కూడా వాటిని వద్దనే చెప్పింది.

అసలు పనంతా తాపీ మేస్త్రీది. పెన్సిలు పట్టేంత సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, చిట్టెలుక దూరుతుందని చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. "అమ్మగారూ, ఆ లెక్కన గోడంతా మళ్ళీ కట్టాలండీ" అన్నారు. చివరకు గాజుపెంకులు కలిపిన సిమెంటుతో గోడ కన్నాలు పూడ్చి, తూముకు ఇనుప జల్లెడ, వెంటిలేటర్లకు సన్నని ఇనుప జాలీ, చెక్క తలుపుల అడుగున రేకు, షట్టరు కింద బ్రష్ పట్టీ వేయించాము. ప్లాస్టిక్ జాలీ ఎందుకూ కొరగాదు. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది కొరకడం మానదు. అందరి కన్నూ తప్పించుకునేది పైకప్పు: ముడతల రేకు గోడమీద ఆనేచోట ప్రతి ముడత కిందా ఒక సొరంగమే ఉంటుంది. వాటిని పూడ్చడానికి మిగతా పనులన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. కప్పు మీదికి వాలిన జామకొమ్మలు కూడా కొట్టించాము.

మందు చివరి మాట. పొలాల్లో నూకలు, నూనె, జింకు ఫాస్ఫైడు కలిపి పెట్టడం మా వైపు రైతులందరికీ తెలిసిందే గానీ, దాన్నుంచి వెలువడే ఫాస్ఫీన్ విషవాయువు. పైగా కొద్దిగా తిని బతికిన ఎలుక మళ్ళీ దాన్ని ముట్టదు. మందు పెట్టడానికి వచ్చిన సంస్థ మనిషి షెడ్డు లోపల కూడా పెడతానంటే ఒప్పుకోలేదు. 0.005 శాతం బ్రోమాడయొలోన్ బిళ్ళలను తాళం వేసిన పెట్టెల్లో, ప్రహరీ వెంట బయట మాత్రమే పెట్టించాను. అది రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు చంపుతుంది. పొరపాటున మనిషి తింటే వైద్యులు ఇచ్చే విరుగుడు విటమిన్ కె1. మందు పేరు, విరుగుడు పేరు, పెట్టెల పటం గోడకు అంటించాము.

తనిఖీ అధికారి బోనులకన్నా రిజిస్టరును ఎక్కువసేపు చూశారు. బల్లలను జరిపించి వెనుక నేల చూశారు. గ్యాసు గొట్టం గోడలోకి వెళ్ళేచోట మిగిలిన సందును చూపించి, పూడ్చి ఫోటో పంపమన్నారు. అది పంపిన తరువాత లైసెన్సు వచ్చింది.

ఆ తరువాత లోపల కనిపించిన ఒకే ఒక్క చిట్టెలుక ఏ కన్నంలోంచీ రాలేదు, మిరపకాయల టిక్కీలో, అంటే గోనె బస్తాలో వచ్చింది. అప్పటినుంచి గోనెసంచి ఏదైనా బయటి అరుగు మీదే దింపించి, విప్పి చూసి, సరుకును మూతల డబ్బాల్లోకి మార్చాకే లోపలికి తెస్తున్నాము. ఖాళీ సంచులు ఆ రాత్రి షెడ్డులో ఉండవు.