అన్నం మీద పడ్డ నింద

అన్నం తింటేనే లావవుతామని నమ్మి, బరువు తగ్గాలని రెండు నెలలు అన్నం ముట్టలేదు. పెళ్లి భోజనంలో కూడా పూర్ణాలు, గారెలు మాత్రమే తిని విస్తరి ముందు నుంచి లేచాను. నా నిగ్రహానికి నేనే మురిసిపోయాను. బరువు మాత్రం అరకిలో కూడా తగ్గలేదు.

చివరికి వంటింట్లోకి చిన్న తూకం యంత్రం కొన్నాను. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. సాయంత్రం టీవీ ముందు "ఇది అన్నం కాదుగా" అనుకుంటూ నమిలే వేయించిన పల్లీలు 50 గ్రాములకు దాదాపు 290. అంటే రోజూ 220 గ్రాముల అన్నమంత సరుకు దొడ్డిదారిన లోపలికి వెళుతోంది! ఇక నూనె ఒక్క పెద్ద చెంచాకే 120. అమ్మ వేపుడుకు చెంచా వాడదు, సీసా వంచుతుంది.

ఇప్పుడు మధ్యాహ్నం తూచిన అన్నం, పప్పు, చారు, మజ్జిగ. ఆరు వారాల్లో రెండు కిలోలు తగ్గాను. లెక్క రాయడం విసుగే, ఒప్పుకుంటాను. పండగ రోజు అసలు రాయను. షుగరు ఉన్న నాన్నగారి సంగతి వేరు, ఆయనను డాక్టరు అన్నమే తగ్గించమన్నారు.

నిన్న ఆవకాయ ముక్క తూస్తుంటే అమ్మ చూసింది. "బంగారం తూచినట్టు ఏమిటిరా అది" అంటూ పైన ఇంకో చెంచా నూనె ఊట వేసి వెళ్లింది.