తాళం తిప్పితే పన్నెండు

ఆదివారం, రాత్రి పదిన్నర

చూపుడువేలికి డాష్‌బోర్డు లోపలి రేకు గీసిన గాటు ఇంకా చురుక్కుమంటోంది. అది మానేలోపే ఇవాళ్టి సంగతి రాసిపెట్టుకోవాలి. మానాక, ఈ పనంతా అవలీలగా చేసినట్టు నలుగురికీ చెప్పుకునే ప్రమాదం ఉంది.

రెండు వారాల కిందట కారులో పాత స్టీరియో పీకి కొత్తది నేనే బిగించాను. బిగించిన సాయంత్రం అన్నీ పలికాయి. ఎఫ్ఎం వచ్చింది, బ్లూటూత్ కలిసింది, నాలుగు తలుపుల్లోనూ పాట వినిపించింది. మా ఆవిడ "పర్లేదే" అంది. మర్నాడు పొద్దున తాళం తిప్పితే గడియారం 12:00 చూపించింది. దాచుకున్న స్టేషన్లు లేవు. ఈక్వలైజర్ సర్దుబాట్లు లేవు. ఏ భాష కావాలని మళ్లీ మొదటినుంచి అడిగింది. కొత్తది కదా, తడబాటేమోలే అని అన్నీ మళ్లీ పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి బయల్దేరబోతే మళ్లీ 12:00.

మా అమ్మాయికి మాత్రం ఇది తెగ నచ్చేసింది. తాళం తిప్పిన ప్రతిసారీ 12:00 నుంచే మొదలవుతుంది కాబట్టి దిగేటప్పుడు చూస్తే ప్రయాణం ఎంతసేపు పట్టిందో తెలిసిపోతుంది. "నాన్నా, బడికి 12:23!" అనేది. వాన పడిన రోజు 12:41. ఆ లెక్కలన్నీ నోటు పుస్తకం వెనక పేజీలో రాసుకుంటోందని తర్వాత తెలిసింది. నేను పాడైందనుకున్న వస్తువు దానికి బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

మంగళవారం నాకొక తెలివి పుట్టింది. స్టీరియో వెనక పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, గడియారం, స్టేషన్లు దాని మీదే బతుకుతాయి. ఎరుపు వైరుకి తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి, స్టీరియోని నిద్రలేపేది అది. నలుపు ఎర్త్, అంటే కరెంటు కారు ఇనుప బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారి. ఇంతవరకూ చదువుకున్నాను. జ్ఞాపకం పోతోందంటే పసుపుకి కరెంటు అందట్లేదన్నమాట. అయితే పసుపునీ ఎరుపునీ కలిపేస్తే పోలా?

కారు కనెక్టరుకీ స్టీరియోకీ మధ్య ఒక అడాప్టర్ హార్నెస్, అంటే రెంటినీ కలిపే వైర్ల కట్ట, ఉంది. అందులో పసుపు, ఎరుపు వైర్లకు మాత్రమే మధ్యలో చిన్న బుల్లెట్ కనెక్టర్లు ఉన్నాయి. లాగితే ఊడతాయి, నొక్కితే అతుక్కుంటాయి. స్టీరియో వైపు కొసలు రెంటినీ కలిపి కారు వైపు పసుపుకి పెట్టాను. మార్పు లేదు. కారు వైపు ఎరుపుకి పెట్టాను. గడియారం నిలిచింది!

ఆ నిమిషంలో ఎవరికైనా వెలగాలి. నాకు వెలగలేదు. పనైపోయిందనుకుని ప్యానెల్ మూసేశాను.

కాకపోతే ఇప్పుడు స్టీరియో తాళంతో ఆగదు, బటన్ నొక్కి ఆపాలి. బుధవారం రాత్రి నొక్కడం మర్చిపోయాను. గురువారం పొద్దున తాళం తిప్పితే టిక్‌టిక్‌టిక్ తప్ప ఇంజను కదల్లేదు. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. ఊరికే వెలుగుతూ కూర్చున్న స్టీరియో ఒకటిన్నర ఆంపియర్లు లాగుతుందనుకుంటే, పది గంటల్లో 15 ఆంపియర్-అవర్లు. నాది 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ, అదీ మూడేళ్ల ముసలిది. పక్కింటాయన తన కారు తెచ్చి జంపర్ కేబుళ్లు తగిలిస్తే ఇంజను లేచింది. ఈసారి మా ఆవిడ "పర్లేదే" అనలేదు.

బుల్లెట్లు మళ్లీ మొదట ఉన్నట్టే పెట్టేసి, ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి బతికిన మనిషి. మొత్తం విని, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఒరేయ్, ఎర్ర వైరులో తాళంతో వచ్చే కరెంటే ఉందని నీకెవరు చెప్పార్రా?"

"స్టీరియో పుస్తకంలో రాసుంది బాబాయ్."

"అది స్టీరియో పుస్తకం. కారు ఏమంటోందో అడిగావా?"

"ఎలా అడగను?"

"మీటర్ పెట్టి."

మీటర్ లేదన్నాను. మీటర్ లేకుండా కారు విప్పినందుకు పావుగంట తిట్టి, శనివారం తన మల్టీమీటరే పంపించాడు. దాని పెట్టె మూత మీద "వాడాక ఆపు" అని సొంత చేత్తో రాసి ఉంది. ఎవరి కోసం రాసుకున్నాడో గానీ, నాకు మాత్రం గురి చూసి కొట్టినట్టే తగిలింది.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాను. ముందు 10 ఎంఎం స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పేసి, ప్యానెల్ ఊడదీసి, స్టీరియోని బయటికి లాగాను. కొలవాలంటే కరెంటు ఉండాలి కాబట్టి మైనస్ మళ్లీ తగిలించాను. మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల కొస శుభ్రమైన ఇనుముకి ఆనించి, ఎర్ర కొసతో కారు కనెక్టరులో ఒక్కో పిన్నూ తాకుతూ పోయాను. మా అమ్మాయి ముందు సీట్లో కూర్చుని నేను చెప్పినట్టు తాళం తిప్పడం, హెడ్‌లైట్లు వెయ్యడం, అంకెలు రాయడం.

చాలా కార్లలో స్టీరియో వెనక ఉండే ఒకే తరహా ప్లగ్గు, ఐఎస్ఓ కనెక్టరులో పవర్ బ్లాకుకి ఎనిమిది పిన్నులుంటాయి. నాలుగోదానికి ఎప్పుడూ ఉండే కరెంటు, ఏడోదానికి తాళంతో వచ్చే కరెంటు, ఎనిమిదోది ఎర్త్. పద్ధతి అది. నా కారులో తాళం ఆపి ఉండగా నాలుగో పిన్ను 0 చూపించింది. ఏడోది 12.5. తాళం తిప్పితే నాలుగోదానికీ 12.4 వచ్చింది. అంటే ఈ కారు చేసినవాళ్లు రెంటినీ తారుమారు చేసి పెట్టారు. అడాప్టర్ వాళ్లు మాత్రం పిన్ను స్థానాన్ని బట్టి నాలుగోదానికి పసుపు, ఏడోదానికి ఎరుపు రంగు వేశారు. పాపం వాళ్ల తప్పేమీ లేదు. ఇలాంటి కార్లు ఉంటాయని తెలిసే ఆ రెండు వైర్లకు మాత్రమే బుల్లెట్ కనెక్టర్లు పెట్టారు. అటుది ఇటు, ఇటుది అటు మార్చుకోవడానికి! మంగళవారం వాటిని చేత్తో పట్టుకుని, "విప్పడానికి వీలుగా పెట్టారు, మంచివాళ్లు" అనుకున్న మనిషిని నేనే.

హెడ్‌లైట్లు వేస్తేనే 12 చూపించే పిన్ను ఇంకొకటి దొరికింది, ఆరోది. అది రాత్రిపూట స్టీరియో వెలుగు తగ్గించడానికి. చేతికందింది కదా అని ఎరుపుని దానికి కలిపి ఉంటే లైట్లు వేస్తేనే పాట వచ్చేది. నా అదృష్టం బావుండి ఆ తప్పు ఒక్కటీ చెయ్యలేదు.

చెయ్యని తప్పుల గురించి మురిసిపోతుండగానే మీటర్ కొస జారి, ఏడో పిన్నుకీ పక్కనున్న రేకుకీ మధ్య ఇరుక్కుంది. చిన్న నిప్పురవ్వ. "నాన్నా, లోపలి లైటు ఆరిపోయింది." ఫ్యూజు పోయింది, దాని మీదే లోపలి దీపం కూడా ఉంది. పెట్టెలో అదనపు ఫ్యూజు 20 ఆంపియర్లది ఒకటి చేతికి వచ్చింది. పోయింది 10. పెద్దది పెట్టేస్తే ఇంకోసారి జారినా పోదు కదా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఫ్యూజు పోకపోతే వైరు పోతుంది. పెట్టెలో అడుగున వెతికితే పదిది దొరికింది.

బుల్లెట్లు అడ్డంగా మార్చడానికి అరనిమిషం పట్టింది. రెండు వారాల రోగానికి అరనిమిషం మందు. టైము పెట్టాను, తాళం ఆపాను, వంద లెక్కపెట్టాను, తిప్పాను. 11:06. అమ్మాయి మొహం కొంచెం వాడిపోయినట్టనిపించింది గానీ అప్పుడు పట్టించుకోలేదు.

ఇక్కడితో మూసేసి ఉంటే మధ్యాహ్నం నిద్రపోయేవాణ్ణి. కానీ ఇంజను స్టార్ట్ చేస్తే పాట వెనక సన్నటి కూత ఒకటి రెండు వారాలుగా ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే దాని గొంతు పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. ఆల్టర్నేటర్ పుట్టించేది ఏసీ, దాన్ని డయోడ్లు డీసీ చేస్తాయి, కానీ కొంచెం అల మిగులుతుంది. ఎర్త్ గట్టిగా ఉంటే ఆ అల మనకి వినపడదు. ఎర్త్ బలహీనమైతే ఇదిగో, ఇలా సన్నాయి ఊదుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టి, ఫోన్ నుంచి స్టీరియోకి పాట తెచ్చే ఆక్స్ వైరు కూడా కలిపినప్పుడే కూత వస్తే అది వేరే జబ్బు, ఛార్జర్ తీసేస్తే పోతుంది. నాది ఛార్జర్ లేకపోయినా పోలేదు.

అసలు నేరం గుర్తొచ్చింది. బిగించిన రోజు హార్నెస్‌ని లోపలికి కుక్కుతుంటే అడాప్టర్ నల్ల వైరు పుటుక్కున తెగింది. చీకటి పడుతోంది. పక్కనున్న బ్రాకెట్ బోల్టు కింద దాని కొస చుట్టి బిగించేశాను. ఇనుమే కదా అని. ఇనుమే, దాని మీద కారు రంగు పొర కూడా ఉంది.

ఇంజను నడుస్తుండగా మీటర్ ఒక కొస స్టీరియో రేకు మీద, రెండోది పొడుగాటి వైరు కట్టి బ్యాటరీ మైనస్ మీద పెట్టాను. 0.3 వోల్టు. ఇంతేగా అనుకుంటూ ఏంటెనా పిన్ను లాగాను. ఒక్కసారిగా ఒకటి దాటింది. అంటే ఇన్నాళ్లూ స్టీరియో కరెంటులో సగానికి పైగా, నల్ల వైరులో దారి లేక, ఏంటెనా కేబుల్ పైన ఉండే రాగి అల్లిక గుండా ఇంటికి పోతోంది! పాట వచ్చే దారిలోనే ఈ చెత్త అంతా తోలుతున్నానన్నమాట. ఇవాళ మొత్తంలో నాకు బాగా నచ్చిన నిమిషం ఇదే. మీటర్ లేకపోతే ఈ సంగతి ఏనాటికీ తెలిసేది కాదు.

గరుకు కాగితంతో బాడీ మీద ఒక బోల్టు చుట్టూ రంగు పోయి మెరిసేదాకా రుద్దాను. వైరు కొసకి రింగు టెర్మినల్ నొక్కి, పళ్ల వాషర్ వేసి బిగించాను. 0.02. కూత లేదు. వేలు గీసుకున్నది ఇక్కడే.

ఆకలి మీద ఆకలి. తినొచ్చి కూర్చుంటే మూడోది. పాటలో బేస్ లేదు. ఇది నేను ఇన్నాళ్లూ స్టీరియో గుణం అనుకుని సర్దుకుపోయాను, ఈక్వలైజర్‌లో చిట్టచివరిదాకా పెంచి మరీ. ధ్వనిని వెనక స్పీకర్లకే తోసి, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పితే డ్రమ్ము గుండెకి తగిలింది. పూర్తిగా కుడికి తిప్పినా తగిలింది. మధ్యలో పెడితే మాయం. ఒక స్పీకర్ ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతోంది, రెండూ కలిసి గాలిని కదపట్లేదు. ఒకదాని ప్లస్ మైనస్ తారుమారు.

ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి వంకాయ రంగు. ప్రతిదానికీ జతగా నల్ల గీత ఉన్న మైనస్ వైరు. తెలుపు మీద నల్ల గీత గుడ్డివాడికైనా కనపడుతుంది. వంకాయ రంగు మీద, సందె చీకట్లో, ఫోన్ టార్చి నోట్లో పట్టుకుని చూస్తే ఏ గీతా లేదు. అనుమానం అక్కడే ఉన్నా, బాబాయి మాట గుర్తొచ్చి కొలిచే తేల్చుకోవాలనుకున్నాను. స్పీకర్ ప్లగ్గు స్టీరియో నుంచి ఊడదీసి, వెనక తలుపుల జాలీలు తీసి, 1.5 వోల్టుల పెన్ను బ్యాటరీని వైర్లకు ఇలా తాకించి అలా తీశాను. ప్లస్ ప్లస్‌కి తాకితే స్పీకర్ మధ్యలో ఉండే అట్ట గిన్నె బయటికి రావాలి.

మా అమ్మాయి స్పీకర్ దగ్గర కళ్లు పెట్టుకుని కూర్చుంది.

"ఎడమ!"

"బయటికి!"

"కుడి!"

"లోపలికి వెళ్లింది నాన్నా! ఇంకోసారి!"

ఒక్కసారి చాలు గానీ, ఆ అరుపు కోసం నాలుగుసార్లు తాకించాను. వంకాయ జత కోసి, మార్చి, సోల్డర్ చేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. బిగించిన రోజు మిగతా వైర్ల అతుకుల మీద చుట్టిన టేపు కూడా విప్పి అలాగే చేశాను. రెండు వారాల ఎండకే ఆ టేపు జిగురు కారి పట్టు వదిలేసింది. దాని గురించి ఎక్కువ రాయను, సిగ్గుగా ఉంది.

అన్నీ లోపలికి పెట్టి ప్యానెల్ నొక్కేసరికి సాయంత్రం. చూద్దామని ముగ్గురం అలా తిరిగొచ్చాం. కూత లేదు, డ్రమ్ము మోగింది, మా ఆవిడ కిటికీ వైపు చూస్తూ వేళ్లతో తాళం వేసింది. పైకి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

ఇంటి ముందు ఆపాక అమ్మాయి గడియారం వైపు చూసింది. 6:52.

"మనం ఎప్పుడు బయల్దేరాం నాన్నా?"

"చూడలేదమ్మా."

"మరి ఎంతసేపయిందో ఎలా తెలుస్తుంది?"

నా దగ్గర సమాధానం లేదు. రేపటి నుంచి తాళం తిప్పగానే టైము చూసి పైకి చెప్పడం నా డ్యూటీ అట. తను రాసుకుని, దిగేటప్పుడు తీసివేత చేసుకుంటుందట.