హెచ్‌2 అప్‌గ్రేడ్: సీఐ ఆకుపచ్చగా ఉందని మెర్జ్ చేసేయకండి

మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు చిన్న జావా అప్లికేషన్. ఎవరి సర్వర్లో వాళ్లు పెట్టుకుని నడుపుకుంటారు, డౌన్‌లోడ్ చేసి రన్ చేస్తే చాలు, డేటాబేస్ సర్వర్ విడిగా పెట్టుకోనక్కర్లేదు, అందుకే లోపల హెచ్‌2 వాడతాం, అది అప్లికేషన్‌తో పాటే నడిచే చిన్న డేటాబేస్. దాని వెర్షన్ చాలాకాలం 1.4.200 దగ్గరే ఉండిపోయింది. 2019 అక్టోబర్లో వచ్చిన వెర్షన్ అది. బాగానే నడుస్తోంది కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు.

సాఫ్ట్‌వేర్‌లో తెలిసిన భద్రతా లోపాలు వెతికే స్కానర్లు ఊరుకోవు కదా. 2021 డిసెంబర్లో లాగ్4జె అనే జావా లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడి గొడవ అయ్యాక, అదే జెఎన్‌డిఐ (వనరుల్ని పేరుతో వెతికి తెచ్చుకునే జావా సదుపాయం) దారిలో హెచ్‌2 కన్సోల్‌లో (బ్రౌజర్లో డేటాబేస్ చూసుకునే పేజీ) కూడా బయటివాళ్లు కోడ్ నడిపించగల లోపం ఉందని జెఫ్రాగ్ పరిశోధకులు పట్టుకున్నారు. 2022 జనవరిలో సివిఇ-2021-42392 అనే లోపం నంబరుతో బయటపెట్టారు, 2.0.206లో సరిచేశారు. నిజానికి ఆ కన్సోల్ సెట్టింగులు మార్చకపోతే లోకల్‌హోస్ట్ నుంచి తప్ప కనెక్షన్లు ఒప్పుకోదు, మేమైతే అసలు కన్సోలే ఆన్ చేయం. కానీ ఇదంతా స్కానర్‌కి ఎవరు చెప్తారు? జార్ (జావా లైబ్రరీ ఫైలు) పేరు, వెర్షన్ చూస్తుంది, ఎర్రగా చూపిస్తుంది, ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని యూజర్లు ఇష్యూ తెరుస్తారు. వాళ్లని అనడానికీ లేదు, రిపోర్టు క్లియర్‌గా లేకపోతే చాలా ఆఫీసుల్లో ఇన్‌స్టాలే చేయనివ్వరు.

సరే, డిపెండెన్సీలు, అంటే మేం వాడే బయటి లైబ్రరీలు, చూసే బాట్ ఈ మార్పు కలపమని పుల్ రిక్వెస్ట్ పెట్టింది. లైబ్రరీల వెర్షన్లు రాసి ఉండే పామ్ ఫైల్లో ఒక్క లైను మార్పు. సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు దానంతటదే నడిపే వ్యవస్థ) వెంటనే ఫెయిల్ అయింది, అదీ మంచికే. మా సెట్టింగ్స్ టేబుల్లో రెండు కాలమ్స్ పేర్లు కీ, వాల్యూ. 2.x నుంచి ఈ రెండూ రిజర్వ్‌డ్ పదాలైపోయాయి, యూజర్ అన్నది కూడా, అంటే డేటాబేస్ తనకోసం ఉంచుకున్నవి, నేరుగా పేర్లుగా వాడలేం. ‘ఐడెంటిఫయర్ ఉండాల్సిన చోట ఇదేంటి’ అన్న ధోరణిలో సింటాక్స్ ఎర్రర్లు వరసగా పడ్డాయి. ఇంకోచోట, రో ఇన్సర్ట్ చేసిన తర్వాత దాని ఐడీ తెలుసుకోడానికి ఐడెంటిటీ ఫంక్షన్ పిలుస్తున్నాం, అది ఇప్పుడు లెగసీ మోడ్‌లో తప్ప దొరకదు. దాన్ని తీసేసి, జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే జెడిబిసిలో ఎప్పటినుంచో ఉన్న గెట్‌జెనరేటెడ్‌కీస్ పెట్టాం, అయిపోయింది.

కాలమ్ పేర్ల సంగతి మాత్రం కాస్త ఆలోచించాల్సి వచ్చింది. కోట్స్‌లో పెడితే సరిపోతుంది అనుకుంటారు ఎవరైనా, కానీ హెచ్‌2 కోట్స్ లేని పేర్లన్నీ పెద్దక్షరాల్లోకి మార్చి దాచుకుంటుంది, మనం కోట్స్‌లో చిన్నక్షరాలతో రాస్తే అలాంటి కాలమే లేదంటుంది. పేర్లే మార్చేద్దామా అంటే కొత్త మైగ్రేషన్‌తో (టేబుళ్లని మార్చే కమాండ్ల ఫైలు) మార్చొచ్చు గానీ, కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి ఆ ఫైళ్లు నడిపే ఫ్లైవే అనే టూల్ మొదటి ఫైలు నుంచీ నడిపిస్తుంది, ఆ మొదటి ఫైల్లోనే ఆ పాత పేర్లున్నాయి, అక్కడే ఆగిపోతుంది. పోనీ ఆ పాత ఫైలు దిద్దుదామా అంటే, ఫ్లైవే ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే సంఖ్య) దాచిపెట్టుకుంటుంది, అక్షరం మారినా పాత యూజర్లందరికీ స్టార్టప్‌లోనే వాలిడేషన్ ఫెయిల్. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. చివరికి ఒక కంట్రిబ్యూటర్ చెప్పిన దారే పట్టాం: కనెక్షన్ యూఆర్ఎల్ చివర నాన్‌కీవర్డ్స్ అనే సెట్టింగ్ పెట్టి కీ, వాల్యూ, యూజర్ రాశాం. ఈ మాటల్ని మామూలు పేర్లలాగే చూడమని హెచ్‌2కి చెప్పడం అన్నమాట. అందంగా ఉందా అంటే లేదు, కానీ పాత మైగ్రేషన్ ఫైళ్లు ముట్టుకోకుండా పని జరిగింది, నాకు అదే ముఖ్యం.

దాంతో సీఐ మొత్తం ఆకుపచ్చ అయింది. కింద కామెంట్లలో ‘ఇంకేం, మెర్జ్ చేసేయండి’ అని. ఇల్లలకగానే పండగ కాదు కదా. మా టెస్టులు మెమరీలో ఖాళీ డేటాబేస్ తెరుస్తాయి, టేబుళ్లు కడతాయి, నాలుగు రోలు (వరసలు) వేసి చదువుతాయి, ప్రాసెస్ ఆగగానే అంతా మాయం. చాలా ప్రాజెక్టుల్లో ఇంతే. పాత వెర్షన్ రాసిన ఫైల్ని కొత్త వెర్షన్ తెరుస్తుందా అన్నది ఒక్క టెస్టూ అడగదు, యూజర్ల దగ్గర ఉన్నవేమో అన్నీ పాత వెర్షన్ రాసిన ఫైళ్లే.

తెరవదు. 1.4.200 రాసిన ఫైల్ని 2.0 నుంచి పైన ఏదీ తెరవదు. రెండింటికీ ఎక్స్‌టెన్షన్ ఒకటే, .ఎంవి.డిబి, పైకి చూస్తే తేడా ఏమీ కనపడదు. స్టార్ట్ చేస్తే మాత్రం ‘రైట్ ఫార్మాట్ 1 అనేది సపోర్ట్ చేసే ఫార్మాట్ 2 కన్నా చిన్నది’ అనే అర్థంలో ఒక ఎర్రర్ వేసి ఆగిపోతుంది. ఈ ఎర్రర్ చూసిన యూజర్‌కి ఏం అర్థమవుతుంది? తన డేటా పోయిందని అర్థమవుతుంది. కంగారులో ఫైలు డిలీట్ చేసి మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లు తప్పకుండా ఉంటారు, అప్పుడు నిజంగానే పోతుంది.

ఇందులో హెచ్‌2 వాళ్లని తిట్టడానికి ఏమీ లేదు, వాళ్లు డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాశారు: నేరుగా అప్‌డేట్ చేయడం కుదరదు, ఇప్పుడు వాడుతున్న వెర్షన్‌తోనే డేటాని స్క్రిప్టుగా బయటికి తీసి, కొత్త వెర్షన్‌తో ఖాళీ డేటాబేస్ కట్టి, అందులోకి ఎక్కించుకోండని. పాత వెర్షన్‌లో స్క్రిప్ట్ కమాండ్, కొత్తదాంట్లో రన్‌స్క్రిప్ట్ కమాండ్. రెండోదాని చివర ఫ్రమ్_1ఎక్స్ అనే ఆప్షన్ మర్చిపోవద్దు, 1.x నుంచి తీసిన స్క్రిప్టుల్లో ఉండే పాత అలవాట్లని సర్దుకుని చదవమని చెప్పేది అదే.

చెప్పడానికి రెండు కమాండ్లే. యూజర్ చేత చేయించడమే పెద్ద పని. మా యూజర్లలో సగం మందికి క్లాస్‌పాత్ (జావా కోడ్ కోసం వెతికే చోట్ల జాబితా) అంటే ఏంటో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కాబట్టి అప్లికేషనే చేసిపెట్టాలి. అయితే పాత జార్, కొత్త జార్ రెండిట్లోనూ ప్యాకేజీ పేర్లు ఒకటే, ఒకే క్లాస్‌పాత్‌లో పెడితే ఏది లోడ్ అవుతుందో దాని ఇష్టం. పాతదాన్ని వేరే క్లాస్‌లోడర్‌లో (జార్ నుంచి కోడ్ లోడ్ చేసే భాగం) తెరవాలి, తెరిచాక కూడా జావాలో డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చే డ్రైవర్‌మేనేజర్‌ని కనెక్షన్ అడిగితే ఇవ్వదు, ఎందుకంటే పిలిచిన కోడ్ తాలూకు క్లాస్‌లోడర్‌కి కనపడే డ్రైవర్లనే అది లెక్కలోకి తీసుకుంటుంది. డ్రైవర్ క్లాస్‌ని మనమే లోడ్ చేసి, ఆబ్జెక్ట్ చేసి, దాని కనెక్ట్ మెథడ్‌ని నేరుగా పిలవాలి. ఈ సంగతి ముందే తెలిస్తే సాయంత్రాలు మిగులుతాయి.

ఇంకో తమాషా. పాత జార్ వదిలించుకోడానికే ఇదంతా మొదలైంది, తీరా డేటా మార్చడానికి అదే పాత జార్ ప్యాకేజీలో పెట్టాలి, పెడితే స్కానర్ మళ్లీ ఎర్రగా! అందుకని మైగ్రేషన్ టూల్‌ని వేరే డౌన్‌లోడ్‌గా విడగొట్టాం. అవసరమైనవాళ్లు ఒకసారి వాడి పడేస్తారు, అసలు ప్యాకేజీలో కొత్త జార్ ఒక్కటే ఉంటుంది.

మరి ఎవరికి అవసరమో అప్లికేషన్‌కి ఎలా తెలుస్తుంది? ఈ .ఎంవి.డిబి ఫైలు మొదట్లో ఉండే హెడర్ మామూలు టెక్స్ట్. ఏ ఎడిటర్లో తెరిచినా మొదటి లైన్లో హెచ్:2 అని మొదలై, కామాలతో బ్లాక్‌సైజ్, క్రియేటెడ్ లాంటివి వచ్చి, మధ్యలో ఫార్మాట్:1 అని కనపడుతుంది. 1 అంటే 1.4 కాలం నాటిది, 2 అంటే 2.0 లేదా 2.1, 3 అంటే 2.2. డేటాబేస్ తెరవక ముందే ఫైల్లో మొదటి 4096 బైట్లు చదివి ఈ అంకె చూస్తున్నాం. 1 ఉంటే అప్లికేషన్ ఆగిపోయి, మీ డేటా భద్రంగానే ఉంది, ఫైలు ముట్టుకోకండి, ఫలానా టూల్ నడపండి అని చెప్తుంది. ఆ మెసేజ్‌లో మొదటి వాక్యం ‘మీ డేటా భద్రంగానే ఉంది’ అనే ఉండాలని నేను పట్టుబట్టాను. ఎర్రర్ కోడ్ తర్వాతైనా చదువుకుంటారు.

టూల్ కూడా పాత ఫైల్ని మార్చదు. కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేసి, కొత్త పేరుతో డేటాబేస్ కట్టి, రెండిట్లోనూ ఒక్కో టేబుల్లో ఎన్ని రోలున్నాయో లెక్క చూసుకుని, సరిపోతేనే పేర్లు మారుస్తుంది. రోల సంఖ్య సరిపోయినంత మాత్రాన లోపల డేటా సరిగ్గా ఉన్నట్టు కాదనేది నిజమే, కానీ సగంలో ఆగిపోయిన ఇంపోర్టుని పట్టుకోడానికి ఇది చాలు. ఎందుకైనా మంచిదని పాత ఫైలు పక్కనే ఉంచుతాం.

మధ్యలో ఒకరిద్దరు ‘ఇంత తలనొప్పి ఎందుకు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మారిపోదాం’ అన్నారు. మారినా ఈ ఎక్స్‌పోర్ట్ పని తప్పదు, పైగా ప్రతి యూజర్ చేతా ఒక సర్వర్ పెట్టించాలి. ఆ చర్చ అక్కడితో ఆపేశాం.

2.xకి వచ్చేశాం కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. 2023 జులైలో వచ్చిన 2.2.220లో ఫార్మాట్ 3 అయింది, అంటే 2.1 దాకా వచ్చి ఆగినవాళ్లకి మళ్లీ ఇదే తంతు. అందుకే మేం మధ్యలో ఆగకుండా నేరుగా 2.2కి వెళ్లాం. ఇప్పుడు టెస్ట్ ఫోల్డర్లో మూడు ఫార్మాట్లలోనూ నిజంగా డిస్క్ మీద రాసిన చిన్న డేటాబేస్ ఫైళ్లు కమిట్ చేసి ఉంచాం. ప్రతి బిల్డ్‌లోనూ కొత్త కోడ్ వాటిని తెరవాలి, లేదా సరైన మెసేజ్ ఇచ్చి ఆగాలి. బైనరీ ఫైళ్లు గిట్‌లో పెట్టకూడదని ఎవరైనా అంటే అననివ్వండి, ఇవి పట్టుమని కొన్ని కేబీలే.

ఈ అప్‌గ్రేడ్ చేస్తూ ఎక్కడైనా ఇరుక్కుంటే ఇష్యూ తెరవండి, కానీ దయచేసి స్క్రిప్ట్ డంప్ మాత్రం అటాచ్ చేయకండి. అందులో మీ డేటా మొత్తం మామూలు టెక్స్ట్‌లో ఉంటుంది, పైన క్రియేట్ యూజర్ లైన్లో పాస్‌వర్డ్ తాలూకు సాల్ట్, హ్యాష్ (పాస్‌వర్డ్‌ని మార్చి దాచిన రూపం) కూడా ఉంటాయి. ఫైలు హెడర్లోని ఆ మొదటి లైను, ఎర్రర్ మెసేజ్ పంపండి, మాకు అవి చాలు.