చెనిక్కాయ లెక్టిన్‌తో ఆల్ఫాఫోల్డ్ సర్వర్: ఇప్పటిదాకా నడిచిన పని

ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుస, అంటే సీక్వెన్స్ ఇస్తే దాని ఆకారాన్ని అంచనా వేసి చూపించే వెబ్‌సైట్ ఆల్ఫాఫోల్డ్ సర్వర్. అనంతపురంలో ఉంటూ ప్రొటీన్ల నిర్మాణాల మీద మనసు పడ్డాక మొదటి జాబు, అంటే ఆ సర్వర్‌కు పంపే పని, చెనిక్కాయ ప్రొటీన్‌తోనే అనుకున్నాను. తీసుకున్నది పీనట్ లెక్టిన్, చక్కెరలను పట్టుకునే ప్రొటీన్. ఊరి మీద అభిమానం ఒక్కటే కాదు, దీని ఆకారాన్ని ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీతో (ప్రొటీన్ స్ఫటికం మీదికి ఎక్స్‌రేలు పంపి) తేల్చింది మన పక్కనే ఉన్న బెంగళూరు ఐఐఎస్సీలో ఎం. విజయన్ గారి బృందం, 1994లో. అంటే సర్వర్ ఏం ఇచ్చినా సరిచూసుకోవడానికి జవాబు మన దగ్గర ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది కూడా ఇదే, ఎవరూ చూడని ప్రొటీన్ జోలికి వెంటనే పోవద్దు, జవాబు తెలిసినదాన్ని ముందు పంపండి, అప్పుడే సర్వర్ చూపించే రంగుల్లో, అంకెల్లో దేన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

సీక్వెన్స్ యూనిప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్‌లో పి02872 అనే నంబరు కింద, ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరంగా ఉంటుంది, మొత్తం 273 అమైనో ఆమ్లాలు. అంతా కాపీ చేసి అతికిస్తే సర్వర్ వద్దనదు, కానీ మొదటి 23 సిగ్నల్ పెప్టైడ్, ప్రొటీన్‌ను దారిలో పెట్టాక కణమే దాన్ని కోసేస్తుంది. చివర్లో కూడా కొంత ముక్క పోతుంది. గింజలో పనిచేసే గొలుసు పొడవు 236. యూనిప్రాట్ పేజీలోనే ప్రాసెసింగ్ అన్న భాగంలో చైన్ అనే వరుస చూసి అంతవరకే తీసుకోండి. అలనిన్, గ్లుటమిక్ ఆమ్లం, త్రియోనిన్‌తో మొదలైతే సరైన ముక్క తీసుకున్నట్టే. సీక్వెన్స్ దింపుకునే ఫాస్టా ఫైల్లో మొదటి వరుస పేరు కాబట్టి అది తీసేయాలి, సీక్వెన్స్ చివర నక్షత్రం గుర్తు ఉంటే అదీ తీసేయాలి, మధ్యలో మామూలు 20 అక్షరాలు కాకుండా ఎక్స్ లాంటిది కనిపిస్తే అక్కడ ఏముందో ఇంకో ఎంట్రీలో చూసుకుని పంపడం మంచిది.

ఆల్ఫాఫోల్డ్ సర్వర్‌కు గూగుల్ అకౌంట్ చాలు, డబ్బులు అక్కర్లేదు, కాకపోతే వ్యాపారానికి వాడకూడదు, రోజుకు ఇన్ని జాబులే అని పరిమితి ఉంటుంది. లెక్కలన్నీ వాళ్ల కంప్యూటర్లలో జరుగుతాయి కాబట్టి నా పాత ల్యాప్‌టాప్ సరిపోతోంది. లెక్టిన్ నాలుగు గొలుసుల గుంపు, అందుకే కాపీలు 4 అని పెట్టాను. ఒక్కో గొలుసు ఒక కాల్షియం, ఒక మాంగనీస్ అయాన్‌ను పట్టుకుంటుంది, అవీ నాలుగేసి కలిపాను. లాక్టోస్ (పాలలోని చక్కెర) కూడా కలిపితే బాగుండేది, క్రిస్టల్‌లో అది ఉంది, కానీ సర్వర్ ఇచ్చే లిగాండ్ల (ప్రొటీన్‌కు అతుక్కునే చిన్న అణువుల) జాబితా చిన్నది, అందులో లాక్టోస్ లేదు. జాబు పేరులో ప్రొటీన్ పేరు, కాపీలు, అయాన్లు, తేదీ రాసుకోండి, నాలుగు రకాలుగా మార్చి పంపాక ఏది ఏదో గుర్తుండదు. ఫలితం వచ్చాక జిప్ ఫైల్ దింపుకుని దాచుకోండి, అందులో ఐదు మోడళ్లు, వాటి నమ్మక అంకెలు ఉంటాయి.

ఇక అసలు విషయం, ఫలితాన్ని చదవడం. ఒక్కో చోట ఆకారం మీద సర్వర్‌కున్న నమ్మకాన్ని 100కి చెప్పే అంకె పీఎల్‌డీడీటీ, రంగులు దాన్నే చూపిస్తాయి. ముదురు నీలం అంటే పీఎల్‌డీడీటీ 90 పైన, లేత నీలం 70 నుంచి 90, పసుపు 50 నుంచి 70, నారింజ 50 లోపు. లెక్టిన్ గొలుసు దాదాపు అంతా నీలంగా వచ్చింది, చూడటానికి సంతోషంగానే ఉంటుంది. కానీ ఈ రంగు చెప్పేది ఆ చుట్టుపక్కల ఆకారం గురించి మాత్రమే, నాలుగు గొలుసులు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చున్నాయా అనేది రంగు చెప్పదు. దానికి పీఏఈ పటం (ఒక భాగానికి ఇంకో భాగం ఉన్న చోటులో ఎంత తప్పు ఉండొచ్చో చూపేది), ఐపీటీఎం అంకె (గొలుసులు జత కుదిరిన తీరు మీద నమ్మకం, 0 నుంచి 1 వరకు) చూడాలి. ఐపీటీఎం 0.8 దాటితే ధైర్యంగా ఉండొచ్చు, 0.6 లోపు ఉంటే జత కుదరలేదనే అనుకోవాలి, మధ్యలో ఉంటే ఏదీ తేల్చి చెప్పలేం. ఈ ప్రొటీన్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒకే రకం గొలుసులు నాలుగు చేరితే మామూలుగా ఒక చక్కని సౌష్ఠవం ఉంటుంది, పీనట్ లెక్టిన్‌లో అది లేదు. ఐఐఎస్సీ వాళ్ల ఫలితం అప్పట్లో ప్రత్యేకంగా నిలిచింది ఈ అసాధారణమైన అమరిక వల్లే.

పోల్చడానికి పీడీబీలో, అంటే ప్రయోగాల్లో తేలిన నిర్మాణాలు దాచే డేటాబేస్‌లో, ఈ లెక్టిన్‌దే 2పీఈఎల్ అనే ఎంట్రీ దింపుకున్నాను. నిర్మాణాలను చూపించే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ తెరిచి, ఒకదాని మీద ఒకటి పేర్చే మ్యాచ్‌మేకర్ నడిపితే ఒక్క గొలుసు వరకు తేడా ఒక ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోపే. కైమెరాఎక్స్ మొరాయించే సిస్టమ్ అయితే పీడీబీ వెబ్‌సైట్‌లోనే రెండు నిర్మాణాలను పోల్చే టూల్ ఉంది, మీ ఫైల్ అప్‌లోడ్ చేయొచ్చు. గుంపు సంగతి చూడాలంటే ఒక గొలుసును మాత్రమే ఒకదాని మీద ఒకటి పేర్చి, మిగతా మూడూ ఎక్కడ పడుతున్నాయో కళ్లతో చూడండి. మాంగనీస్ దగ్గరికి జూమ్ చేస్తే ఆస్పార్టిక్ ఆమ్లాలు, గ్లుటమిక్ ఆమ్లం, హిస్టిడిన్ దాన్ని చుట్టుముట్టి ఉండాలి, అయాన్ గాలిలో తేలుతుంటే ఆ మోడల్‌ను పక్కన పెట్టేయండి.

అయితే ఇంత బాగా కలిసిందని పొంగిపోవడానికి లేదు. ఈ సర్వర్ వెనకున్న ఆల్ఫాఫోల్డ్ 3 నేర్చుకున్నది 2021 సెప్టెంబర్ 30 వరకు పీడీబీలో చేరిన నిర్మాణాల నుంచి, 2పీఈఎల్ అంతకు ఎంతో ముందుది, అంటే జవాబుపత్రం చూసిన పిల్లవాడికి అదే ప్రశ్న ఇచ్చినట్టు. అందుకే ఇంకో రెండు జాబులు పంపాను. ఒకదానిలో అవే 236 అక్షరాలను అడ్డదిడ్డంగా కలిపేసిన సీక్వెన్స్, నీలమంతా పోయి పసుపు, నారింజ వచ్చాయి. రెండోదానిలో లెక్టిన్‌ను, చెనిక్కాయలోనే ఉండే అరా హెచ్ 2 అనే అలర్జీ ప్రొటీన్‌ను జతగా ఇచ్చాను, విడివిడిగా రెండూ బాగానే ముడుచుకున్నాయి, ఐపీటీఎం మాత్రం కిందికి పడిపోయింది. ఈ రెండూ చూశాకే నాకు ఆ అంకెల మీద గురి కుదిరింది. కుదరని జత ఎలా కనబడుతుందో చూడకుండా కుదిరిన జతను గుర్తుపట్టలేం, కాబట్టి కోటాలో ఒకట్రెండు జాబులు దీనికి ఖర్చుపెట్టడం వృథా కాదు.

ఒక్క గొలుసు ఆకారమే కావాలంటే జాబు కూడా అక్కర్లేదు, ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో 20 కోట్లకు పైగా ప్రొటీన్ల నిర్మాణాలు ముందే ఉన్నాయి, యూనిప్రాట్ నంబరుతో వెతకండి. తెలిసిన నిర్మాణాన్ని నమూనాగా (టెంప్లేట్) పెట్టుకుని కొత్తదాన్ని కట్టే స్విస్-మోడల్ అనే వెబ్‌సైట్ కూడా వాడి చూడండి, ఏ టెంప్లేట్ మీద కట్టిందో, దానితో సీక్వెన్స్ ఎంత శాతం కలిసిందో అది విప్పి చెబుతుంది, నేర్చుకునేవాళ్లకు అది చాలా ఉపయోగం.

తర్వాతి జాబు చెనిక్కాయలోని ఇంకో అలర్జీ ప్రొటీన్ అరా హెచ్ 1, యూనిప్రాట్‌లో పి43238, 626 అమైనో ఆమ్లాలు, మూడు గొలుసుల గుంపు. క్రిస్టల్‌లో దొరికింది దీని మధ్య భాగమే, ముందు భాగానికి స్థిరమైన ఆకారం లేదు, అక్కడ నారింజ రంగు వస్తే అది సర్వర్ తప్పు కాదు. ముందు మొత్తం సీక్వెన్స్ ఒకసారి, తర్వాత మధ్య భాగం మాత్రమే మూడు కాపీలతో ఒకసారి పంపి, రెండింటి ఐపీటీఎం పక్కపక్కన పెట్టి చూస్తాను.