ఆక్స్‌టర్ అంటే చంక

2026 జనవరి 23, శుక్రవారం. ఎడిన్‌బరో.

ఉదయం ఎనిమిదింటికి ఇంటినుంచి బయలుదేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. పడుతున్నదో లేదో తెలియని సన్నటి తుంపర ముఖానికి తగులుతూనే ఉంది. ఇటువంటి ముసురును ఇక్కడివారు "డ్రీఖ్" అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. చివర గొంతులోనుంచి వచ్చే ఆ ఖకారంలోనే సగం విసుగు వినిపిస్తుంది. శుక్రవారం మాకు ఒంటిపూట బడి కాబట్టి, ఆదివారం నాడు రావలసిన స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజును ఈ రోజు మధ్యాహ్నం లోపలే ముగించుకోవలసి వచ్చింది.

నేను నాలుగో తరగతిలో టీచరమ్మకు సహాయకురాలిని. పిల్లలు ఇరవై ఏడుగురు. వారిలో పదకొండుగురి ఇళ్ళలో ఇంగ్లీషు కాక పోలిష్, అరబిక్, ఉర్దూ, మలయాళం వంటి మరో భాష నడుస్తుంది. ఒక తెలుగు పిల్ల కూడా ఉంది. గేటు దగ్గర వాళ్ళ అమ్మ నన్ను ఆపి, "అక్కా, ఆ హాగిస్‌లో ఏం వేస్తారు? మా పిల్ల తినొచ్చా?" అని కంగారుగా అడిగింది. "శాకాహారంది వేరే పళ్ళెంలో పెడుతున్నామమ్మా, రెండూ కలవకుండా నేనే చూసుకుంటాను" అని చెప్పి పంపాను.

నిజం చెప్పాలంటే ఏటా ఈ వారం నాకు కాస్త అనుమానంగానే ఉంటుంది. గళ్ల గుడ్డ, బ్యాగ్‌పైపు, హాగిస్ మూడూ విమానాశ్రయంలో పర్యాటకులకు అమ్మే సరుకే కదా, వాటిని ఈ ఊళ్ళోనే పుట్టిన పిల్లలకు మళ్ళీ పరిచయం చేయడమేమిటని అనిపిస్తుంది. అయితే ఇక్కడ పుట్టిన పిల్లలు చాలామందికి కూడా ఇవి పండుగ సామాన్ల మాదిరిగా అటకమీదనుంచి ఏడాదికొకసారి దిగేవేనని ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మొదట బ్యాగ్‌పైపు వాయించే పైపర్ వచ్చాడు. పక్కనున్న ఉన్నత పాఠశాలలో చదివే కుర్రవాడు, పదిహేనేళ్ళుంటాయేమో. సంచిలోకి గాలి ఊది, దానిని చంకకింద బిగించి మోచేత్తో ఒక్క నొక్కు నొక్కగానే, భుజంమీదున్న మూడు గొట్టాలూ కలిసి లేగదూడ పోయిన ఆవు అరిచినట్టు మూలిగాయి. సగంమంది పిల్లలు చెవులు మూసుకున్నారు. పాట మొదలైన తరువాత మాత్రం ఒక్కొక్కరే చేతులు దించారు. వాయించే గొట్టంలో పలికేవి తొమ్మిది స్వరాలేనని, గట్టిగా, మెల్లగా అనే తేడా అందులో ఉండదని, అందుకే స్వరానికీ స్వరానికీ మధ్య వేళ్ళతో చిన్న చిన్న మెలికలు వేస్తారని ఆ కుర్రవాడు చూపించాడు. మేకతోలు సంచికి గొట్టం బిగించి శ్రుతికోసం ఊదే "తిత్తి" మన వీధినాటకాలలోనూ ఉండేది. అది ఒకే శ్రుతిని పట్టుకుని కూర్చుంటుంది, ఇది పాడుతుంది, అంతే తేడా.

తరువాత గళ్ల గుడ్డ సంగతి. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో రాజుమీద తిరగబడినవారు ఓడిపోయిన వెనువెంటనే, హైలాండ్స్ అనే కొండప్రాంతంలో మగవారు కిల్టు, అంటే నడుముకు చుట్టుకునే ఈ గళ్ల గుడ్డ, కట్టుకోవడం నేరమని చట్టం చేశారని, 1782 వరకు అది రద్దు కాలేదని టీచరమ్మ చెప్పినప్పుడు పిల్లలు నిజంగానే మండిపడ్డారు. ఒక పిల్లవాడు లేచి, "మరి చలికి వాళ్ళేం వేసుకున్నారు?" అని అడిగాడు. నాకు తోచిన ప్రశ్నలన్నిటికన్నా అదే మంచి ప్రశ్న. పెద్దవారి నిండు కిల్టుకు ఎనిమిది గజాల ఉన్నిగుడ్డ పడుతుంది. ఆ ఎనిమిది గజాలను తాడుతో కొలిచి మేము హాలులో ఈ గోడనుంచి ఆ గోడవరకు పరిచాము. ఈ వంశానికి ఈ గళ్ళు అనే లెక్క చాలావరకు తరువాత కాలంలో ఏర్పడిందని, 1822లో నాలుగో జార్జి రాజు ఈ ఊరికి వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి జరిపించిన వేడుకలతో అది ఊపందుకుందని పిల్లలకు చెప్పలేదు. చెప్పి ఉండవలసిందని నా అభిప్రాయం. ఎనిమిదేళ్ళ పిల్లలు కల్పనను అర్థం చేసుకున్నంత బాగా పెద్దవారు చేసుకోలేరు. ఇంకొక సంగతి కూడా చెప్పలేదు. 1786లో బర్న్స్ చేతిలో డబ్బులేక, జమైకాలో బానిసలచేత పని చేయించే తోటలో లెక్కలు రాసే ఉద్యోగానికి ఓడ ఎక్కడానికి సిద్ధమయ్యాడు. కిల్మార్నక్‌లో అచ్చయిన మొదటి పుస్తకం, 612 ప్రతులు, నెల తిరిగేసరికి దాదాపు అమ్ముడుపోవడంతో ఆగిపోయాడు. దానికి ఇంకా పెద్ద తరగతులున్నాయని టీచరమ్మ అన్నది. ఆ విషయంలో ఆమెతో వాదించలేదు.

హాగిస్ దగ్గర మాత్రం నవ్వులాట అయింది. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్సు నూక, ఉల్లిపాయ, కొవ్వు, మిరియాలు కలిపి గొర్రె పొట్టసంచిలో కూరి ఉడికించేది ఈ వంటకం. ఇప్పుడు పొట్టసంచికి బదులు కృత్రిమమైన తొడుగే ఎక్కువ. దానిని పొగడుతూ బర్న్స్ రాసిన పద్యం చదువుతూ, కత్తి దింపే చరణం రాగానే నిజంగానే కత్తి దింపి, ఆవిరి పైకి లేస్తుండగా అందరికీ చూపించడం ఆనవాయితీ. కవి చనిపోయిన అయిదేళ్ళకు, 1801 జూలైలో, ఆయన మిత్రులు తొమ్మిదిమంది అలొవేలో ఆయన పుట్టిన ఇంట్లో కూర్చుని చేసుకున్న మొదటి విందులోనూ హాగిస్ ఉంది, ఈ పద్యమూ ఉంది. మా బడిలో పిల్లల ముందు పదునైన కత్తి పట్టుకోకూడదని నియమం. టీచరమ్మ చేయి పైకెత్తి, గొంతు పెంచి, వెన్న రాసే కత్తిని బలంగా దింపింది. అది జారి పక్కకు పోయింది. రెండోసారి దింపితే హాగిస్ పళ్ళెంలోనే దొర్లింది. చివరకు నేను వంటగదికి పరుగెత్తి కత్తెర తెచ్చి, పాలప్యాకెట్టు మూల కత్తిరించినట్టు ఆ తొడుగు మూల కత్తిరించాను. ఆ పద్యానికి అంత పెద్ద చప్పట్లు మరెక్కడా పడి ఉండవు.

రుచి చూడటానికి తలా ఒక చెంచా, పక్కన మెదిపిన బంగాళాదుంప, పసుపుపచ్చటి టర్నిప్ ముద్ద. శాకాహార హాగిస్ ఈ ఊళ్ళోనే, 1984లో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభ సమయంలో, మొదటగా తయారైంది. కవులకోసం పుట్టిన కూర అని దానిమీద నాకొక అభిమానం. పప్పులు, ఓట్సు, మిరియాల ఘాటు కలిసి పొడిపొడిగా ఉంటుంది, అచ్చం మన పాటోళి. తెలుగు పిల్ల ఒక చెంచా తిని, ఇంకొకటి అడిగింది. మాంసం పళ్ళెం ముందు ముక్కు మూసుకున్నవారిలో ఎక్కువమంది స్థానికులే. "నీకు చూస్తేనే వికారంగా ఉందా?" అని తోటి సహాయకురాలు నన్ను జాలిగా అడిగింది. బోటికూరకోసం ఆదివారం పొద్దున్నే దుకాణం ముందు నిలబడే జనం ఉన్న రాష్ట్రాలనుంచి వచ్చానని ఆమెకు వివరించడానికి వ్యవధి లేకపోయింది. హాగిస్ అనేది కొండవాలున తిరిగే జంతువని, ఒకవైపు కాళ్ళు పొట్టిగా ఉండటంవల్ల కొండచుట్టూ ఒకే దిక్కున పరుగెత్తుతుందని ఇక్కడ పెద్దవారు పిల్లలను ఆటపట్టిస్తారు. గ్లాస్గో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఆ "జంతువు"ను చూశానని ఒక పిల్ల ప్రమాణం చేసి చెప్పింది. మ్యూజియంవారే అద్దాల బీరువాలో ఆ వేళాకోళాన్ని పెట్టి ఉంచినప్పుడు ఆ పిల్లను తప్పుపట్టేదెవరు?

నృత్యం గురించి రెండు మాటలు చాలు. చేతులు పట్టుకోవలసి వస్తుందని మగపిల్లలందరూ స్వెట్టర్ చేతులను వేళ్ళ చివరలదాకా లాక్కుని, ఆ ఉన్ని కొసలను మాత్రమే ఆడపిల్లలకు అందించారు. రెండో పాటకు అది మరిచిపోయారు.

అసలు విషయం తరువాత జరిగింది. బర్న్స్ నాగలి దున్నుతుండగా చుంచెలుక గూడు చెదిరిపోయిన సంగతిమీద, 1785 నవంబరులో, రాసిన పద్యాన్ని టీచరమ్మ చదివి, "ఎలుక చచ్చిపోయిందా?" అన్న ప్రశ్నకు పద్యంలో ఆ మాట లేదని జవాబు చెప్పి, గోడమీద ఒక మనిషి బొమ్మ అతికించింది. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన ఇక్కడి భాష స్కాట్స్‌లో మాటలు రాసిన అట్టముక్కలను పిల్లలు ఒక్కొక్కటే తీసుకుని సరైన అవయవం దగ్గర అంటించాలి. లగ్ అంటే చెవి, నెబ్ అంటే ముక్కు, థ్రాపుల్ అంటే గొంతు. "ఆక్స్‌టర్" అనే అట్ట దగ్గర ఆట ఆగిపోయింది. మోకాలు అన్నారు, మడమ అన్నారు. అప్పుడు వెనక బల్లలోనుంచి ఒక పిల్లవాడు, ఈ ఏడాది తనంతట తాను చేయి ఎత్తగా నేను ఎన్నడూ చూడనివాడు, చేయి ఎత్తాడు. పిలిచేలోపలే రెండో చేత్తో తన చంక చూపించాడు. ఆ తరువాత ఎనిమిది అట్టలు వాడొక్కడే అంటించాడు. వాళ్ళ నాయనమ్మ ఇంట్లో అలాగే అంటుందట.

వారానికి మూడురోజులు చదువులో సాయంగా నేను ఆ పిల్లవాడి పక్కనే కూర్చుంటాను. మొన్న నవంబరులో ఒకనాడు వాడు చెవి పట్టుకుని "లగ్ సేర్‌గా ఉంది" అన్న అర్థంలో ఏదో అన్నాడు. నేను వెంటనే, "ఇయర్ అనాలి, నొప్పిగా ఉంది అనాలి" అని ఇంగ్లీషులో దిద్ది, ఆ వాక్యాన్ని వాడిచేత రెండుసార్లు చెప్పించాను. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చిన నేను, స్కాట్లండ్‌లో పుట్టిన పిల్లవాడికి, వాళ్ళ నాయనమ్మ మాట తప్పని చెప్పాను. ఇదే మాట ఈ రోజు పండుగ పేరుతో రంగు అట్టమీదకు ఎక్కింది. 1872 విద్యాచట్టం వచ్చాక బడులలో ఇక్కడి మరో పాత భాష గేలిక్‌కు చోటు లేకుండా పోయిందని, స్కాట్స్ మాట్లాడితే చేతిమీద దెబ్బలు పడేవని ఇక్కడి ముసలివారు చెబుతుంటే విని బాధపడినదాన్ని నేనే. స్కాట్స్ తమకు మాట్లాడటం వచ్చునని 2011 జనాభా లెక్కలలో 15 లక్షలమందికి పైగా రాసుకున్నారు. గత నవంబరు 30 నుంచి గేలిక్‌తో పాటు స్కాట్స్‌కూ అధికార హోదా వచ్చింది. నేను ఆ పిల్లవాడిని దిద్దినది సరిగ్గా ఆ నెలలోనే.

విశాఖపట్నంలో ఆరో తరగతిలో చేరిన మొదటివారం, "ఏటి?" అన్నందుకు క్లాసంతా నవ్వితే, టీచరు నాచేత "ఏమిటండీ" అని మూడుసార్లు అనిపించారు. వేమన పద్యం తడబడకుండా అప్పజెబితే అదే టీచరు మెచ్చుకున్నారు. పద్యం బడిలో, ఏటి ఇంట్లో అని నేను అప్పుడే నేర్చుకున్నాను. ఆ పాఠాన్నే ఇంత దూరం మోసుకొచ్చి ఇంకొకరికి అప్పజెప్పానన్నమాట.

బడి వదిలే ముందు హాలు ఊడుస్తుంటే, నృత్యానికి లేచిన దుమ్ము కిటికీ వెలుతురులో ఇంకా తేలుతోంది. కుర్చీలు సర్దడానికి ఉండిపోయిన ఆ పిల్లవాడు దానిని చూసి మెల్లగా, "స్టూర్" అన్నాడు. అని, నా ముఖంలోకి చూశాడు. దిద్దుతానేమోనని చూసిన చూపు అది, నాకు బాగా తెలిసిన చూపు. "అది మన అట్టలలో లేదు, ఎలా రాయాలి?" అని అడిగాను. వాడికీ తెలియదు. ఇద్దరం నిఘంటువు తీశాము. రెండు మూడు రకాలుగా రాయవచ్చునని ఉంది. వాడికి అది చాలా నచ్చింది. ఎలా రాసినా తప్పుకాని మాట వాడి జీవితంలో ఇదే మొదటిది కావచ్చు.

తెలుగు పిల్లను వాళ్ళ అమ్మకు అప్పగించే ముందు గోడమీది పటంలో పైన, పడమటి వైపున్న లూయిస్ దీవిని చూపించి, అక్కడ స్టోర్నొవేలో పుట్టిన కాలిన్ మెకంజీ అనే ఆయన మన ఊళ్ళ కథలను కైఫీయత్తులుగా రాయించాడని, ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆయనకు తోడుగా తిరిగారని చెప్పాను. "మా తాతయ్య వాళ్ళ ఊరిది కూడా ఉందా?" అని అడిగింది. ఏ ఊరో కనుక్కుని రమ్మన్నాను.

ఒంటిగంటకు ఇంటికి చేరి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ ఆరున్నర, దీపాలు పెట్టే వేళ. "ఏటి సేస్తన్నావమ్మా, తిన్నావా?" అన్నది. గొర్రె ఊపిరితిత్తుల వంటకం సంగతి చెబితే, అందులో కారం వేయరా అని ఒక్కటే అడిగింది.

సోమవారం ఆ పిల్లవాడు నాయనమ్మను అడిగి మరికొన్ని మాటలు తెస్తానన్నాడు. టీచరమ్మ సరేనన్నది. ఆకుపచ్చ అట్ట అయిపోయింది, పసుపుది ఉంది. నిద్రపోయేలోపల ఒక ఇరవై ఖాళీ ముక్కలు కత్తిరించి సంచిలో పెట్టుకోవాలి.