తీర్పు తర్వాత ఢిల్లీ ప్రయాణం

స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించడం తమ పని కాదని, అది చట్టసభలు చూసుకోవలసిన విషయమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న తేల్చి చెప్పిన మరుసటి నెలలో, స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు కలిసి నడిచే ఢిల్లీ క్వీర్ ప్రైడ్ ఊరేగింపులో నడవడానికి మేము కొందరం హైదరాబాదు నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరాము. నవంబరు 30న శాసనసభ ఎన్నికల పోలింగు ఉండడంతో కాజీపేట దాటేదాకా బోగీలో అందరూ ఎవరు గెలుస్తారన్న లెక్కల్లోనే ఉన్నారు. మా లెక్కలు వేరు. కేసులో మొదటి పిటిషనర్లయిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మా హైదరాబాదువారే కాబట్టి ఆ ఓటమి మాకు ఇంటి ఓటమిలాగే తోచింది. అయితే మాలో ఒక్కొక్కరు ఒక్కొక్క దానికి బాధపడుతున్నారు, ఒకరిద్దరైతే అసలు బాధపడడమే లేదు.

నా సంగతి ముందు చెబుతాను. నేను, నా సహచరుడు ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నాము. అతనికి ఆపరేషను అవసరమైనప్పుడు అంగీకార పత్రంలో ‘రోగికి ఏమవుతారు’ అన్న గడిలో నేను స్నేహితుడినని రాస్తే, ఆసుపత్రివారు ఆ కాగితం పక్కన పెట్టి, అతనితో మాటలు మానేసిన అన్నగారిని రాజమండ్రి నుంచి పిలిపించారు. ఆయన వచ్చి సంతకం పెట్టేదాకా నేను వరండాలో కూర్చున్నాను. పెళ్ళి హక్కు కావాలని నేను పట్టుబట్టడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

నా ఎదుటి బెర్తులో కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు పశ్చిమ గోదావరి నుంచి ఇల్లు వదిలి వచ్చి హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందనే మాకూ పెళ్ళి జరిపించాలని లాయర్లు వాదిస్తుంటే వీరికి ఒళ్ళు జలదరించిందట. ఆ చట్టం ప్రకారం పెళ్ళికి ముందు నోటీసు ఇవ్వాలి, దానిని వివాహ అధికారి కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించాలి, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. పెళ్ళి చేసుకునేవారి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ఒక ప్రతి అక్కడి అధికారికి కూడా వెళుతుంది. అంటే పారిపోయి వచ్చినవారి జాడను ప్రభుత్వమే ఊరికి చేరవేస్తుందన్నమాట. “ముప్పై రోజులు మా పేర్లు గోడ మీద ఉంటే, ముప్పై ఒకటో రోజుకి మేం ఉండం అన్నయ్యా” అంది చిన్నమ్మాయి. వీరికి ముందు కావలసింది కన్నవారి నుంచి, వారు పంపే పోలీసుల నుంచి రక్షణ. కోర్టుకు వెళ్ళిన పిటిషన్లలో ఈ కన్నవారింటి హింస గురించి మాట్లాడినవి కూడా ఉన్నాయి గానీ, టీవీ చర్చలకు పెళ్ళి బట్టల ఫొటోలే నచ్చాయి.

వరంగల్ నుంచి వచ్చిన అక్క హిజ్రా సంప్రదాయంలో పెరిగిన ట్రాన్స్ మహిళ, అంటే మగబిడ్డగా పుట్టావన్నా మహిళగా బతికే మనిషి. ముగ్గురు చేలాలకు, అంటే శిష్యులకు, గురువు. స్త్రీ పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్ వ్యక్తులు ఇప్పుడున్న చట్టాల కిందనే పెళ్ళి చేసుకోవచ్చని అయిదుగురు న్యాయమూర్తులూ ఒప్పుకున్నారు కాబట్టి ఆమె ఒక విధంగా గెలిచినట్టే. బల్లార్షా దగ్గర ఆ మాటే అంటే ఆమె పకపకా నవ్వి, “కోర్టు నాకిచ్చింది నాకొద్దు, నీకు గావాల్సింది నీకియ్యలే” అంది. పెళ్ళికి అడ్డుపడుతూ ఇవి నగర ఉన్నత వర్గాల అభిప్రాయాలని కేంద్రం కోర్టులో అనడం కూడా ఆమెకు నవ్వులాటగానే ఉంది. ఆమె దిగులల్లా తాను పోయాక తన బంగారం, తన గది ఎవరికి దక్కుతాయన్నదే. జ్వరం వస్తే కూర్చుని గంజి తాగించేది చేలాలు. వారసులుగా వచ్చేది, పదహారేళ్ళప్పుడు కొట్టి తరిమిన అన్నదమ్ములు. గురు చేలా బంధం ఏ వారసత్వ చట్టంలోనూ కనబడదు.

అసలు గొడవ ఆదివారం మధ్యాహ్నం, ఊరేగింపుకు ముందు, ఆంధ్రా భవన్ క్యాంటీన్ క్యూలో మొదలైంది. ఢిల్లీ వెళ్ళిన తెలుగువాడు ఆదివారం అక్కడ బిర్యానీ తినకుండా రాడు. కాబట్టి ఈ పెళ్ళిళ్ళను వ్యతిరేకిస్తున్నట్టు రాజస్థాన్, అస్సాంల మాదిరిగానే ఆంధ్రప్రదేశ్ కూడా తెలియజేసిన సంగతి గుర్తున్నా, టోకెన్లు తీసుకున్నాము. మాతో వచ్చిన దళిత పరిశోధక విద్యార్థి, టేబుల్ దొరికేలోపే, 2015లో ముంబయిలో ఒక తల్లి తన కొడుకుకు వరుడు కావాలని ఇచ్చిన ప్రకటనను ప్రస్తావించాడు. దేశంలో ఇలాంటిది మొదటిదని దానిని అందరూ మెచ్చుకున్నారు. అందులోనే ‘అయ్యర్ అయితే మేలు’ అని కూడా ఉంది. ఈ దేశంలో కులాన్ని తరతరాలుగా కాపాడుతున్నది పెళ్ళే అయినప్పుడు, ఆ పందిట్లో పీట కోసం మనం ఎందుకు దేబిరించాలన్నది అతని ప్రశ్న.

నేను గట్టిగానే వాదించాను. మనకు పెళ్ళి లేకపోయినంత మాత్రాన కులానికి వచ్చే నష్టమేమీ లేదు. డబ్బున్న జంటలు లాయరును పెట్టుకుని వీలునామాలు, పవర్ ఆఫ్ అటార్నీలు రాయించుకుంటారు. పీఎఫ్, పింఛను, ఆసుపత్రి సంతకం అన్నీ ఒక్క సర్టిఫికెట్‌తో దొరకవలసింది లేనివాడికే. “అవన్నీ పెళ్ళికి ఎందుకు కట్టేశారని అడగండి సార్, ముందు” అన్నాడతను గోంగూర వడ్డించుకుంటూ. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు, అయినా సర్టిఫికెట్ కావాలన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు.

బారాఖంబా రోడ్డు నుంచి జంతర్ మంతర్ దాకా అందరం కలిసే నడిచాము. అక్క డోలు దగ్గరి నుంచి కదలలేదు.

2024 ఆగస్టులో క్వీర్ వ్యక్తులు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, సహచరుడిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్రం వివరణ ఇచ్చింది. అడ్డు అంతకు ముందు కూడా లేదు. తీర్పును పునఃపరిశీలించమన్న పిటిషన్లను 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. ఆ మే నెలలో మాత్రం, కన్నవారి నిర్బంధంలో ఉన్న ఒక యువతిని విడిపిస్తూ, కుటుంబం ఏర్పడడానికి పెళ్ళి ఒక్కటే మార్గం కాదని మద్రాసు హైకోర్టు చెప్పింది. గోదావరి అమ్మాయిలు ఆ తీర్పు ప్రతిని మా వాట్సాప్ గ్రూపులో పెట్టగానే అక్క నాకు ఫోను చేసి, ఇందులో చేలాల సంగతి ఉందా అని అడిగింది. ‘ఎంచుకున్న కుటుంబం’ అన్న మాట ఉంది గానీ ఆస్తి మాట లేదని చెప్పాను.

“అయితే ఇంకో కేసు ఎయ్యాలె. ఆ వకీలు నంబరు పంపు” అంది.