ఒక్క వేలితో పడే బ్రేకు

నేను ఆసుపత్రిలో ఉండగానే మా మామ నా పాత సైకిలును పాతసామాన్లవాడికి వేసేశాడు. వీల్‌చైర్ వస్తుంది, బాల్కనీలో చోటు కావాలి అన్నది ఆయన లెక్క. నిజానికి ఆ వీల్‌చైర్ బాల్కనీ గుమ్మంలో పట్టనే లేదు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. నా మూతి ఒకపక్క పనిచేయక మాట సరిగా వచ్చేది కాదు కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలియలేదు, అదొక మేలు.

2024 ఆగస్టులో మా ఇంట్లో అందరికీ విరేచనాలు పట్టుకుని తగ్గాయి. నాకూ తగ్గాయి. పది రోజులు దాటాక అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. బెంగళూరు పీణ్యాలో నేను లెక్కలు చూసే వర్క్‌షాపులో మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మడత పడ్డాయి. చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియలేదు. యలహంకలో ఇంటి దగ్గరి క్లినిక్‌కు వెళ్ళాను. డాక్టరు తెలుగాయనే. నా కాళ్ళవైపు చూడకుండానే, "కూర్చుని చేసే ఉద్యోగం, టెన్షన్, బి12 తక్కువై ఉంటుంది" అని ఇంజెక్షన్ రాశాడు. "నేను సైకిల్ తొక్కుతానండీ, నా కాళ్ళు ఎప్పుడూ ఇలా లేవు" అంటే, "అయితే అదే కారణం. తగ్గించండి" అన్నాడు.

మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ వేసి ఉంటే బయటపడేది. ఆ దెబ్బకు మామూలుగా కాలు ఎగరాలి, నాది ఎగిరేది కాదు. మర్నాడు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మాయి ఆ దెబ్బే వేసి, రెండోసారి వేసి, మొహం మార్చుకుని ఫోన్ తీసింది. గిలన్ బారీ సిండ్రోమ్. 1916లో ఫ్రెంచి డాక్టర్లు సైనికుల్లో చూసి రాసిన జబ్బు. ఏదో ఇన్ఫెక్షన్ మీదికి యుద్ధానికి వెళ్ళిన మన ఒంటి కాపలా, దారి తప్పి మన నరాల మీదే పడుతుంది. ఎక్కువగా దీనికి ముందు వచ్చేది సరిగా ఉడకని కోడిమాంసంతో వచ్చే క్యాంపిలోబ్యాక్టర్ విరేచనాలట. నాకు వచ్చింది అదేనా అంటే తేల్చి చెప్పలేమన్నారు.

నడుములో సూది, నరాలకు కరెంటు పెట్టి చూడటం, సంతకాల మీద సంతకాలు, అవన్నీ ఎవరికైనా ఒకటే. మందు మాత్రం చెప్పుకోవాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్. ఒంటి బరువు కిలోకి 0.4 గ్రాముల చొప్పున రోజూ, అయిదు రోజులు. లక్షల్లో బిల్లు. ఇన్సూరెన్సువాళ్ళు అనుమతికి "ఇంకొక డాక్యుమెంట్" అంటూ ఒక పూట గడిపేశారు, ఆ పూటలోనే నా చేతులు లేవడం మానేశాయి. మా ఆవిడ గాజులు బ్యాగులో పెట్టుకుని బిల్లు కౌంటర్ దగ్గర నిలబడిందని తర్వాత తెలిసింది. ఆ సీసాలోది వేలమంది దానం చేసిన రక్తపు ప్లాస్మా నుంచి తీసింది. వాళ్ళెవరో ఎప్పటికీ తెలియదు. ఇన్సూరెన్సు ఫోన్లో గొంతు మాత్రం ఇప్పటికీ గుర్తుపడతాను.

రెండో రాత్రి సంగతి చెప్పకుండా ఇది ముందుకు నడవదు.

ఈ జబ్బు ఎక్కువమందిలో పాదాల నుంచి పైకి ఎక్కుతుంది. ఛాతీ కండరాలను బాగా పట్టిందంటే వెంటిలేటరే. అందుకని గంటగంటకీ ఒక పరీక్ష పెడతారు. గుండెల నిండా గాలి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలమో చూస్తారు. కేరళ నర్సమ్మ "ఏ భాషైనా సరే సార్, కానీ ప్రతిసారీ అదే భాష, అదే స్పీడ్" అంది. ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే ఎత్తుకున్నాను. ఆమె తన వేళ్ళ మీద లెక్కవేసుకునేది. సాయంత్రం ముప్పై దాటాను. రాత్రి పదికి ఇరవై ఆరు. పన్నెండున్నరకు ఇరవై రెండు. ఆమె కాగితం మీద రాసుకుని, ఏమీ అనకుండా వెళ్ళి డ్యూటీ డాక్టరును తీసుకొచ్చింది.

ఆ కుర్రాడు నా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఫోన్లో ఎవరికో చెప్పాడు. "ఆరో బెడ్ పడిపోతున్నాడు సర్, తెల్లారేలోపు ట్యూబ్ వెయ్యాల్సి రావచ్చు. పైన ఐసీయూ ఫుల్. ఎవరైనా పోతేగానీ వెంటిలేటర్ రాదు."

ఈ జబ్బులో తెలివి పోదు. చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. నేను కళ్ళు మూసుకుని ఉన్నానని అతను అనుకున్నాడు. ఎడమ రెప్ప పూర్తిగా మూతపడదు నాకు, అతన్ని చూస్తూనే ఉన్నాను. నాకు ఊపిరి కావాలంటే పై అంతస్తులో ఎవరో పోవాలన్నమాట. వాళ్ళ మనుషులు కూడా ఇలాగే వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉంటారు. ఆ మాట విన్నాక పరీక్ష గంటకోసారితో ఆగలేదు. గోడ గడియారం చూస్తూ నాకు నేనే లెక్కపెట్టుకున్నాను. అలసిపోతే అంకె తగ్గుతుందన్న సంగతి తోచలేదు. అంకె తగ్గినకొద్దీ భయం, భయానికి ఇంకా తగ్గడం. పీఎఫ్‌లో నామినీ పేరు మార్చానా లేదా, అబ్బాయి స్కూలు రెండో టర్ము ఫీజు కట్టామా లేదా, ఇవే తిరిగాయి మనసులో. దేవుడు రాలేదు. దేవుడు మా అమ్మకు వచ్చాడు, హిందూపురంలో. ఆ రాత్రే కదిరి నరసింహస్వామికి మొక్కుకుందట.

నాలుగింటికి పద్దెనిమిది. ఆరింటికీ పద్దెనిమిదే. నర్సమ్మ మొదటిసారి నవ్వింది.

పొద్దున న్యూరాలజిస్టు మేడమ్ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. అప్పటిదాకా అందరూ నిలబడే మాట్లాడారు. "ఇక్కడితో ఆగుతుందో లేదో ఇవాళే చెప్పలేను. ఆగితే మాత్రం చాలామంది తిరిగి నడుస్తారు. నెలలు పడుతుంది" అంది. ఆగింది. పద్దెనిమిది దగ్గర నిలబెట్టింది స్వామా, సీసానా అని అమ్మతో నేను వాదించను. కదిరి వెళ్ళి తల నీలాలు ఇచ్చి వచ్చాను.

ఇంటికొచ్చాక ఆ నెలల్లో నా గురించి ప్రతిదీ ఎవరో ఒకరు నిర్ణయించేవాళ్ళు. ఏ పూట ఏం తినాలి, ఏ గదిలో పడుకోవాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి. 2025 జనవరిలో పుణెలో ఈ జబ్బు వచ్చి పేపర్లలో పేరు పడగానే, అంతవరకు దాని పేరు పలకలేని చుట్టాలంతా నిపుణులయ్యారు. "స్టెరాయిడ్ వేయించలేదా?" అని ఒక బాబాయ్ మూడు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. ఈ జబ్బుకి స్టెరాయిడ్ పనిచేయదు బాబాయ్, ఇక్కడ రాస్తున్నాను, చదువుకో.

హాసన్ నుంచి వచ్చిన ఫిజియో అమ్మాయి ఒక్కతే "మీరేం చెయ్యాలనుకుంటున్నారు సార్?" అని అడిగింది. సైకిల్ తొక్కాలి అన్నాను. ఆమె నవ్వలేదు. అప్పటికి వాకర్ వదిలాను గానీ, ఎడమ పాదం ముందుభాగం లేవదు, నడిస్తే నేలకు తట్టుకుంటుంది. చేతుల్లో పట్టు లేదు, నీళ్ళ సీసా మూత మా అబ్బాయే తియ్యాలి. జిమ్ సైకిల్ పెడల్‌కు నా పాదాన్ని క్రేప్ బ్యాండేజీతో కట్టి తొక్కించింది. "ఇన్నొందు సల సార్, ఇన్నొందు సల" (ఇంకొక్కసారి) అని కన్నడంలో అంటూనే, అలసట కనపడగానే ఆపించేది. నరం కోలుకునేటప్పుడు మితిమీరి తొక్కితే మర్నాడు మంచం దిగలేం, అది నాకు అనుభవమే. మేడమ్ కూడా సరేనంది, ఒక్క షరతు మీద: రెండు చేతులతో బ్రేకు గట్టిగా నొక్కగలిగాకే రోడ్డెక్కాలి.

సైకిల్ వెతకడం ఆ షరతు నుంచే మొదలైంది. దుకాణంలో అందరూ గేర్లు లెక్కపెడతారు, నేను చూపుడు వేలు ఒక్కటి బ్రేకు లీవరు మీద వేసి నొక్కి చూసేవాణ్ణి. పాతిక వేల లోపు సైకిళ్ళ మీద "డిస్క్ బ్రేక్" అని పెద్దక్షరాలతో ఉంటుంది, కానీ చాలావాటిలో లోపల నడిచేది మామూలు ఇనుప తీగే. దాన్ని నొక్కడానికి మూడు వేళ్ళు కావాలి, తీగకు తుప్పు పడితే నాలుగు. హైడ్రాలిక్‌లో తీగ ఉండదు, నూనె. ఒక్క వేలు చాలు. లీవరు పక్కన చిన్న స్క్రూ తిప్పితే లీవరు వేళ్ళకు దగ్గరగా వస్తుంది, నాలాంటి చేతికి అదే ప్రాణం. దుకాణం కుర్రాడు "ఈ ఏజ్‌లో ఎంటీబీ ఎందుకు సార్, హైబ్రిడ్ తీసుకోండి" అన్నాడు. ఎంటీబీ అంటే కొండదారుల సైకిల్, హైబ్రిడ్ అంటే దానికీ రోడ్డు సైకిలుకీ మధ్యరకం. హైబ్రిడ్ టైరు సన్నం, మన రోడ్ల గుంతలన్నీ తిన్నగా అరచేతుల్లోకి వస్తాయి. నా వేళ్ళ చివర్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. 2.25 అంగుళాల టైరులో గాలి కాస్త తక్కువ పెట్టుకుంటే ఆ అదురు సగం చస్తుంది. వెడల్పు హ్యాండిల్ వల్ల తిప్పడానికి బలం తక్కువ పడుతుంది. వెనక షాక్ అబ్జార్బర్ ఉన్న సైకిలైతే మంచిది లక్ష దాటుతుంది, పదిహేను వేలకు దొరికేది స్ప్రింగు తగిలించిన బరువు మాత్రమే. ముందు షాక్, వెనక గట్టి ఫ్రేము, అంటే హార్డ్‌టెయిల్, నా జేబుకూ ఒంటికీ అదొక్కటే కుదిరింది.

గేర్ల దగ్గర అందరి సలహాకీ ఎదురు వెళ్ళాను. ఇప్పుడంతా పెడల్స్ దగ్గర, ముందు ఒకే పళ్ళచక్రం, "వన్ బై" అంటారు. ఎడమ చేత్తో మార్చే పని ఉండదు కాబట్టి నాకదే మంచిదన్నారు. కానీ తక్కువ ధర వన్ బై చూడండి. ముందు 32 పళ్ళు, వెనక పెద్దది 42. ముందు రెండు పళ్ళచక్రాలుండే పాత పద్ధతి డబుల్‌లో ముందు చిన్నది 22, వెనక పెద్దది 34. భాగించుకోండి: మొదటిది 0.76, రెండోది 0.65. అంకె తగ్గినకొద్దీ తొక్కడం తేలిక. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బలం లేని కాలికి ఆ తేడా తెలుస్తుంది. గొలుసును 22 మీద పెట్టేసి వదిలేశాను, ఎడమ బొటనవేలికి పనే లేదు. వెనక చిన్న పళ్ళచక్రాలు రెండింటి మీద పెడితే గొలుసు ముందున్న పెద్ద పళ్ళచక్రానికి గీసుకుంటుంది, అవి వాడను. వేగం తక్కువే, పర్వాలేదు, నన్నెవరూ తరమడం లేదు.

మిగిలింది ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే, షాక్ ఉండే భాగం. యాభై వేల లోపు కొత్త సైకిళ్ళలో ఎక్కువ స్ప్రింగు ఫోర్కులే. ఆ స్ప్రింగు మామూలు మనిషి బరువుకు పెట్టింది. ఆసుపత్రి నన్ను చిక్కబెట్టి పంపింది, నేను ఎక్కితే అది కదలనే లేదు. గాలి ఫోర్కైతే పంపుతో మన బరువుకు సరిచేసుకోవచ్చు. కూర్చోగానే దాని మొత్తం కదలికలో పాతిక శాతం దిగితే సరిపోయినట్టు. నా బడ్జెట్‌లో గాలి ఫోర్కు అంటే సెకండ్‌హ్యాండే. బెంగళూరులో అందుకు కొదవలేదు. జనం లాక్‌డౌన్‌లో కొన్న మంచి సైకిళ్ళ మీద ఇప్పుడు తువ్వాళ్ళు ఆరుతున్నాయి. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఫ్లాట్‌లో దొరికింది, ముప్పై రెండు వేలు. హ్యాండిల్ కింద వెల్డింగు దగ్గర పగుళ్ళు, ఫోర్కు మెరిసే గొట్టాల మీద గీతలు, చక్రం తిప్పితే ఒకపక్కకు ఊగడం, వెనక పళ్ళచక్రాల కట్ట క్యాసెట్టా లేక మరతో బిగించే చవక ఫ్రీవీలా, అన్నీ చూశాను. గొలుసు, బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించాను. పెడల్స్ మార్చి వెడల్పు ప్లాస్టిక్‌వి, పైన చిన్న మేకులున్నవి పెట్టించాను, ఎడమ పాదం జారకుండా. పాదాన్ని కట్టేసే పట్టీలు వద్దని ఫిజియో అమ్మాయి గట్టిగా చెప్పింది. పడేటప్పుడు కాలు బయటికి రావాలి కదా.

"ఆసుపత్రికి పోసింది చాలలేదా?" అంది మా ఆవిడ. అని, మొదటి రోజు యలహంక చెరువు పక్క వీధుల్లో స్కూటీ మీద నా వెనకాలే వచ్చింది, హారన్ కొట్టేవాళ్ళందరినీ తిడుతూ. మామ వచ్చి టైర్లు నొక్కి చూసి, మర్నాడు గొలుసు తాళం కొనుక్కొచ్చాడు. "బాల్కనీలోనే పెట్టుకో నాయనా" అన్నాడు. అవలహళ్ళి అడవిలో ఎర్రమట్టి దారుల దాకా ఇప్పుడు వెళ్ళగలుగుతున్నాను, రాళ్ళున్నచోట దిగి నడిపిస్తాను.

రెండు కాళ్ళలో ఒకేసారి తిమ్మిర్లు వచ్చి, రోజురోజుకీ పైకి ఎక్కుతూ, మెట్లెక్కడం కష్టమైతే విటమిన్ ఇంజెక్షన్ వేయించుకుని పడుకోకండి. అదే రోజు న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. మంచం దగ్గర నిలబడి మాట్లాడే చుట్టాలూ, డాక్టర్లూ, రోగికి చెవులున్నాయని గుర్తుపెట్టుకోండి.

మొన్న ఆ క్లినిక్‌కు వెళ్ళాను, కావాలనే, సైకిల్ మీదే, డిశ్చార్జి కాగితాలు సంచిలో పెట్టుకుని. ఫీజు కట్టి టోకెన్ తీసుకున్నాను. డాక్టరు కాగితాలు తిరగేసి, "మొదట్లో ఇది ఎవరికీ తెలియదులెండి" అన్నాడు. "సుత్తితో కొడితే తెలుస్తుందండీ" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కిటికీలోంచి బయటికి చూసి, "సైకిల్ మీదేనా? మావాడు ఇలాంటిదే అడుగుతున్నాడు, ఏది తీసుకోమంటారు?" అన్నాడు. కోపం వచ్చింది. అయినా బ్రేకుల దగ్గర మొదలుపెట్టి ఫోర్కు దాకా అంతా చెప్పాను, బయట టోకెన్లవాళ్ళు గొణుగుతున్నా ఆపలేదు. వాళ్ళబ్బాయి బరువెంత అని కూడా అడిగాను. ఆయనకు తెలియలేదు.